సఫారీకి వెళ్తూ ఆ ఫార్వర్డ్ నమ్మకండి

కెన్యా, టాంజానియా ట్రిప్పులకు వెళ్ళే మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మనకు పుట్టినప్పటి నుంచి దోమలు అలవాటే కాబట్టి మలేరియా మాత్రలు అక్కర్లేదట, కెన్యాలోని సఫారీ పార్కు మసాయి మారా ఎత్తు మీద ఉంది కాబట్టి భయం లేదట, ఎల్లో ఫీవర్ టీకా ఎలాగూ వేయించుకుంటాం కదా అట, రోజూ వెల్లుల్లి తింటే దోమ దగ్గరికే రాదట, జ్వరం వస్తే ఇంటికొచ్చాక చూసుకోవచ్చట. దయచేసి దీన్ని ఇంకొకరికి పంపకండి.

దోమ కుట్టినంత మాత్రాన మలేరియాను తట్టుకునే శక్తి రాదు. మలేరియా మళ్ళీ మళ్ళీ వచ్చినవాళ్ళకు కొంత వస్తుంది, అదీ ఆ ప్రాంతం వదిలి వెళ్తే తగ్గిపోతుంది. కెన్యాలోనే పుట్టి పెరిగినవాళ్ళు కూడా విదేశాల్లో కొన్నేళ్ళు ఉండి సొంతూరు వెళ్ళినప్పుడు జబ్బుపడుతుంటారు. అలాంటిది హైదరాబాద్ ఫ్లాట్‌లో ఉండే మనకు ఏం రక్షణ ఉంటుంది? పైగా అక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం, మలేరియాల్లోకెల్లా ప్రాణాంతకమైన రకం.

ఎత్తు సంగతి సగమే నిజం. నైరోబీలో రిస్క్ తక్కువే. కానీ కెన్యాలో 2,500 మీటర్ల లోపు ప్రాంతాలన్నిటికీ జాగ్రత్త చెబుతారు, మారా ఆ లోపే ఉంది. సఫారీ అయ్యాక చాలామంది మొంబాసా బీచ్‌కి కూడా వెళ్తారు, అది సముద్రమట్టమే. మాత్రలు అసలు వద్దనుకుంటే దక్షిణాఫ్రికాలో పిలనెస్‌బర్గ్, మాడిక్వే లాంటి మలేరియా లేని పార్కులున్నాయి, సింహాలు అక్కడా కనిపిస్తాయి. క్రూగర్ మాత్రం ఆ లిస్టులో లేదు.

ఎల్లో ఫీవర్ వేరే జబ్బు, వైరస్ వల్ల వస్తుంది, ఆ టీకా మలేరియాను ఆపదు. వెల్లుల్లి కూరలో వేసుకోండి, అంతే.

మాత్రల విషయంలో డాక్టర్‌ని అడిగి తీరాలి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే వెళ్ళడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక 7 రోజులు వాడాలి. డాక్సీసైక్లిన్ చవక, కానీ వచ్చాక 4 వారాలు వేసుకోవాలి, ఎండకు చర్మం కందుతుంది (టాప్ తెరిచిన జీపులో రోజంతా తిరిగేవాళ్ళు గుర్తుపెట్టుకోండి), గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇవ్వరు. విమానం దిగగానే మాత్రలు ఆపేయకండి, కాలేయంలో దాక్కున్న పరాన్నజీవి ఆ తర్వాత కూడా రక్తంలోకి రావచ్చు. ఇంట్లో మిగిలిన క్లోరోక్విన్ పట్టుకెళ్ళి లాభం లేదు, అక్కడి ఫాల్సిపారం దానికి లొంగదు. ఏ మాత్రా నూటికి నూరు శాతం ఆపదు కాబట్టి, మలేరియా దోమ కుట్టే వేళ, అంటే పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారే దాకా నిండు చేతుల చొక్కా, డీట్ (దోమల్ని దూరంగా ఉంచే మందు) ఉన్న క్రీమ్, మందు పట్టించిన దోమతెర కూడా కావాలి.

అన్నిటికంటే నాకు భయం వేసేది ఆ చివరి మాట, జ్వరం వస్తే తర్వాత చూసుకోవచ్చు అనేది. ఫాల్సిపారానికి 24 గంటల్లో మందు పడకపోతే ప్రాణం మీదికి రావచ్చు. వెళ్ళిన వారం తర్వాత గానీ, తిరిగొచ్చిన మూడు నెలల్లో గానీ జ్వరం వస్తే, మాత్రలు సరిగ్గా వేసుకున్నా సరే, వైరలేమోలే అని పారాసిటమాల్‌తో కూర్చోకండి. ఆరోజే ఆసుపత్రికి వెళ్ళి ముందుగా "ఆఫ్రికా వెళ్ళొచ్చాను" అని చెప్పండి, ఎందుకంటే మన డాక్టర్లకు మొదట డెంగీ, టైఫాయిడ్ తడతాయి. మలేరియా రక్తపరీక్ష చేయమని అడగండి. ఒకసారి నెగటివ్ వచ్చి జ్వరం తగ్గకపోతే 12 నుంచి 24 గంటల్లో మళ్ళీ చేయించండి, అవసరమైతే మూడోసారి కూడా.