కాసే చెట్టును కొట్టి అమ్ముకున్నారు

మే నెల, రాత్రి పన్నెండున్నర. తిరుపతి బైరాగిపట్టెడలో మేడ మీద చాప పరుచుకుని తమ్ముడూ నేనూ ఒకే ఫోన్‌లో యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల పోటీ యూరోపా లీగ్ ఫైనల్ చూశాం. అంత రాత్రయినా గచ్చు కాలుతూనే ఉంది. 2025లో మా ఇంగ్లండ్ జట్టు మాంచెస్టర్ యునైటెడ్‌కి మిగిలిన ఆశ అదొక్కటే. టోటెన్‌హామ్ చేతిలో 1-0. వాడు ఫోన్ బోర్లా పెట్టి, "పడుకోన్నా" అని కిందికి దిగిపోయాడు.

రెండు రోజులకే నాపోలీ క్లబ్‌కి ఇటలీ లీగ్ టైటిల్ తెచ్చిన మ్యాచ్‌లో గాల్లోకి లేచి గోల్ కొట్టింది ఎవరు? మెక్‌టోమినే! చిన్నప్పటి నుంచీ యునైటెడ్‌లోనే పెరిగినవాడు. 2024 ఆగస్టులో అమ్మేశారు. సొంత అకాడమీ ఆటగాణ్ణి అమ్మితే వచ్చిన సొమ్మంతా లెక్కల్లో లాభంగా చూపించుకోవచ్చు కదా, అందుకు. పెరట్లో కాసే చెట్టును కొట్టి కట్టెలు అమ్ముకుంటారా ఎవరైనా? 2022లో వింగర్ ఆంటొనీని కొనడానికి 80 మిలియన్ పౌండ్లకు పైగా పోసినప్పుడు ఏమైపోయాయి ఈ లెక్కలు?

కోచ్ టెన్ హాగ్ సంగతి తలుచుకుంటే ఇంకా మండుతుంది. 2024 జులైలో ఒప్పందం పొడిగించారు, వేసవంతా ఆటగాళ్లను కొన్నారు, అక్టోబరులో ఆయన్ను పంపించేశారు. తర్వాత వచ్చిన కోచ్ అమోరిమ్‌ది వెనక ముగ్గురు డిఫెండర్లతో ఆడే పద్ధతి. దానికి పనికొచ్చే వింగ్‌బ్యాకులు, అంటే మైదానం రెండు అంచుల్లోనూ ముందుకీ వెనక్కీ పరిగెత్తేవాళ్లు, జట్టులో ఎక్కడున్నారు? సీజన్ మధ్యలో పిలిచే ముందు ఆ మాత్రం చూసుకోవద్దా? ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో 15వ స్థానం. యునైటెడ్‌కి!

తమ్ముడి ఎర్ర జెర్సీ ఆ రోజు మడిచి బీరువాలో పెట్టింది, ఇంతవరకూ బయటికి తీయలేదు.