ఇంట్లో ఉంటే ఖాళీగా ఉన్నట్టేనా?

"ఇంట్లోనే ఉంటావుగా, కాస్త మా బాబును చూస్తూ ఉండవా?" అని పొద్దున్నే పక్కింటావిడ. నేనేమో అమ్మకానికి ఆవకాయ పెట్టడానికి అప్పుడే 30 కిలోల మామిడికాయ ముక్కలు ముందేసుకుని కూర్చున్నాను. ఒక్కో ముక్కనీ పొడిబట్టతో తుడవాలి, టెంక మీది పొర తియ్యాలి. కాస్త తడి తగిలినా జాడీ అంతా బూజు పడుతుంది. ఇది పని కాదా? బయటికెళ్లి చేస్తేనే ఉద్యోగమా?

ఇక రేటు గొడవ. "ఇంట్లో పెట్టిన పచ్చడికి కిలోకి అంతా?" అంటారు. ఆవపిండి, కారం, నువ్వుల నూనె నాకెవరైనా ఊరికే ఇస్తున్నారా? గోంగూర మగ్గించడానికి ఇంటి గ్యాస్ వాడకూడదని 19 కిలోల కమర్షియల్ సిలిండరే కొంటున్నాను. ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చేయించి, ఆ 14 అంకెల నంబరు ప్రతి డబ్బా మీదా వేస్తున్నాను. అయినా "ఇంటి సరుకేగా" అని ఎంత తేలిక మాట!

చుట్టాలైతే "మన దగ్గర కూడా డబ్బులు తీసుకుంటావా?" అని మూతి ముడుస్తారు. కొరియర్‌లో డబ్బా తలకిందులై నూనె కారితే ఆ నష్టం కూడా నాదే.

నిన్న రాత్రి 11 గంటలకు ఫోన్. "మావాడు రేపు అమెరికా వెళ్తున్నాడు, పొద్దున్నకల్లా ఐదు కిలోల ఆవకాయ ప్యాక్ చేసి ఉంచమ్మా." మూడో రోజు తిరగకలిపితేనే కదండీ ఉప్పు చాలిందో లేదో తెలిసేది! పొద్దున కలిపింది అప్పుడే ఎలా ఇవ్వను? అదే చెప్తే, "నాలుగు ఆర్డర్లు రాగానే ఎంత పొగరో" అని పెట్టేశారు.