బొమ్మ ఒక్కటే చూపిస్తే ఎలా? బొరుసు సంగతేంటి?

పోయిన నెల ఒక మ్యూజియంకి వెళ్లాను. గాజు పెట్టెలో వరసగా రోమన్ వెండి నాణేలు, అన్నీ బొమ్మ పైకి ఉండేలా పెట్టారు. కింద చీటీ మీద 'రోమన్ వెండి నాణెం' అని మూడే మాటలు. ఏ చక్రవర్తిదో, ఎక్కడ దొరికిందో లేదు. కడుపు మండిపోయింది.

ఎందుకంటే అందులో ఒకదాన్ని గుర్తుపట్టాను. రోమ్ మొదటి చక్రవర్తి అగస్టస్ వేయించిన దేనారియస్ అనే వెండి నాణెం. నాలుగు గ్రాములు కూడా తూగదు. తల చుట్టూ చిన్న చిన్న అక్షరాల్లో 'దేవుడైన వాడి కొడుకు, దేశపిత' అని ఉంటుంది (ఆ దేవుడు ఆయన్ని దత్తత తీసుకున్న జూలియస్ సీజర్). ఆ దేశపిత బిరుదు ఆయనకు క్రీ.పూ. 2లో వచ్చింది. అప్పటికి అరవై దాటాయి. నాణెం మీద మాత్రం నున్నటి చెంపలతో పాతికేళ్ల కుర్రాడు!

అసలు కథ బొరుసు వైపు ఉంది. ఇద్దరు కుర్రాళ్లు టోగాలు (రోమన్లు ఒంటికి చుట్టుకునే వస్త్రాలు) కట్టుకుని పక్కపక్కన నిలబడి ఉంటారు, మధ్యలో డాళ్లు, ఈటెలు, పైన పూజారులు వాడే గరిటె, వంకీ కర్ర. వాళ్లు గాయస్, లూసియస్. అగస్టస్ కూతురు జూలియా కొడుకులు, ఆయన దత్తత తీసుకున్న వారసులు. 'నా తర్వాత వీళ్లే' అని సామ్రాజ్యం మొత్తానికి చెప్పడానికే ఆ చిత్రం. లూసియస్ క్రీ.శ. 2లో పోయాడు, గాయస్ క్రీ.శ. 4లో. గద్దె చివరికి అగస్టస్ భార్య మొదటి పెళ్లి కొడుకు టైబీరియస్‌కి దక్కింది. పిల్లలు పోయాక కూడా ఆ నాణేలు చేతులు మారుతూనే ఉన్నాయి.

నాణెం మీద తన తల ముద్రించుకునే ఈ పిచ్చి అగస్టస్‌తో మొదలవలేదు. బతికుండగానే రోమ్ నాణెం మీదికెక్కిన మొదటి రోమన్ జూలియస్ సీజర్, క్రీ.పూ. 44లో. అతన్ని పొడిచిన బ్రూటస్ కూడా మూడేళ్లు తిరక్కుండానే నాణెం మీద తన తల ముద్రించుకున్నాడు, బొరుసు మీద రెండు బాకులతో సహా. రాజరికం వద్దని హత్య చేసినవాడు! ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మన దేశంలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో ఎక్కువగా కనిపించేవి ఈ అన్నదమ్ముల రకమూ, టైబీరియస్‌వీ. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో ఒక్కచోటే 1,500కు పైగా దొరికాయి, అగస్టస్, టైబీరియస్ కాలానివే. అంటే ఇది మన ఊళ్ల కథ కూడా.

నా పక్కన ఒక పిల్లాడు "ఎవరు నాన్నా ఈయన?" అని అడిగాడు. "ఎవరో రాజులే, పద" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాడు ఆ తండ్రి. ఆయన్ని ఏమనగలం, చీటీలో ఉంటే కదా చెప్పడానికి!

దయచేసి ఆ నాణెం కింద ఒక చిన్న అద్దం పెట్టండి. చీటీ మీద ఆ ఇద్దరు కుర్రాళ్ల పేర్లు, నాణెం దొరికిన ఊరి పేరు రాయండి.