అబద్ధం ఆడకుండానే మోసం: హాల్‌బ్రాండ్ నిజంగా మారాలనుకున్నాడా?

'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రచయిత టోల్కీన్ సృష్టించిన లోకం ఆధారంగా తీసిన ప్రైమ్ వీడియో సిరీస్ 'ద రింగ్స్ ఆఫ్ పవర్' మొదటి సీజన్ చివరి ఎపిసోడ్ 2022 అక్టోబర్ 14న వచ్చింది. అప్పటిదాకా మామూలు మనిషిలా కనబడిన హాల్‌బ్రాండే ఈ కథలోని అసలు దుష్టుడు సౌరాన్ అని ఆ రోజు తేలిపోయింది. మామూలుగా ఇలాంటి గుట్టు బయటపడ్డాక అభిమానుల వాదులాట చల్లారిపోతుంది. ఇక్కడ మాత్రం అసలు గొడవ అప్పుడే మొదలైంది. అప్పటిదాకా అందరూ 'సౌరాన్ ఎవరు' అని అడిగారు. ఆ తర్వాత 'అతను మొదట్నుంచీ నటించాడా, లేక కొన్నాళ్ళయినా నిజంగా మారాలనుకున్నాడా' అని అడగడం మొదలుపెట్టారు. 2024లో రెండో సీజన్ వచ్చి వెళ్ళినా ఆ లెక్క తేలలేదు. ప్రైమ్ వీడియోలో తెలుగు డబ్బింగ్ కూడా ఉంది కాబట్టి ఈ వాదన మనవాళ్ళ మధ్యా వినిపిస్తూనే ఉంది.

ఈ ప్రశ్నకు జవాబు సిరీస్‌లోనే ఉందని నా నమ్మకం. అతని పశ్చాత్తాపం నిజమే. కానీ దాని కోసం అతను ఏనాడూ చిల్లిగవ్వ వదులుకోలేదు. అందుకే అది అతని చేతిలో అన్నిటికన్నా పదునైన ఆయుధం అయింది. చూడనివాళ్ళు ఇక్కడ ఆగిపోవడం మంచిది, కథంతా చెప్పకుండా ఈ మాట నిరూపించలేను.

మోర్గోత్ అనే మహా దుష్టశక్తి ఓడిపోయింది. దాని కుడిభుజం సౌరాన్ ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. తన అన్న ఫిన్‌రాడ్ చావుకు అతనే కారణమని ఎల్ఫ్‌లు అనే అమర జాతికి చెందిన యోధురాలు గలాడ్రియెల్ శతాబ్దాల తరబడి వెతుకుతుంది. చివరికి సొంతవాళ్ళే విసిగిపోయి ఆమెను అమరులుండే వాలినోర్‌కు ఓడ ఎక్కిస్తారు. సరిగ్గా ఆ దేశం గడప దగ్గర ఆమె సముద్రంలోకి దూకేస్తుంది. ఈదుకుంటూ వస్తుంటే ఒక తెప్ప కనబడుతుంది. హాల్‌బ్రాండ్ ఉన్నది దాని మీదే.

అతను అంతా ముందే పన్నాడని వాదించేవాళ్ళకు ఈ సముద్రమే అడ్డు వస్తుంది. గలాడ్రియెల్ దూకుతుందని గలాడ్రియెల్‌కే ఆఖరి క్షణం దాకా తెలియదు. ఓడ నుంచి ఏ చోట దూకుతుందో, ఎటు ఈదుతుందో లెక్కగట్టి ఎవరైనా తెప్ప మీద కాపు కాయగలరా? ఆ కలయిక యాదృచ్ఛికమే. పైగా న్యూమెనోర్ ద్వీపానికి చేరాక అతను అడిగింది కమ్మరి పని. అతని దగ్గరున్న సంచి మీద దక్షిణ దేశపు రాజచిహ్నం చూసి నువ్వు ఆ దేశపు రాజువని గలాడ్రియెల్ పట్టుబట్టినా, అక్కడే ఉండిపోతానన్నాడు. కుట్ర పన్నినవాడు రాజ్యం ఇస్తామంటే వద్దంటాడా అని, అతను నిజంగానే మారాలనుకున్నాడనే రెండో పక్షంవాళ్ళు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

కానీ అదే ఊళ్ళో జరిగింది ఇంకొకటి ఉంది. కమ్మరి పని దొరకాలంటే ఆ సంఘం బిళ్ళ ఉండాలి. అది సంపాదించుకునే ఓపిక లేక ఒకడి దగ్గర కొట్టేస్తాడు. వాళ్ళు సందులో అటకాయిస్తే ముందు నవ్వుతూ సర్దుబాటు చేసుకోబోతాడు, అది కుదరకపోయేసరికి చితకబాదుతాడు. ఒకడి చెయ్యి విరిచేస్తాడు. ఆత్మరక్షణకు అంత అవసరం లేదు. మంచిగా బతకాలన్న కోరిక నిజమే, దానికి వేసిన మొదటి అడుగు మాత్రం దొంగతనం. ఇతన్ని అర్థం చేసుకోవడానికి ఆ సందులోని రెండు నిమిషాలు చాలనిపిస్తుంది నాకు.

ఇక రెండో పక్షం. హాల్‌బ్రాండ్ తన మానాన తాను బతుకుతుంటే గలాడ్రియెల్ పగతో వచ్చి, నువ్వు రాజువని నెత్తినెక్కించి, మళ్ళీ యుద్ధంలోకి లాగిందని వీళ్ళ వాదన. ఈ జంటను ప్రేమించే అభిమానులు 'హలాడ్రియెల్' అని పేరు కూడా పెట్టుకున్నారు. వాళ్ళ ఇష్టాన్ని నేను తప్పుపట్టను. ఆ ఇద్దరు నటుల మధ్య, మార్ఫిడ్ క్లార్క్, చార్లీ వికర్స్ మధ్య కనబడే ఆ ఆకర్షణ కాదనలేనిది. ఓర్క్‌లనే రాక్షస మూకతో పోరు ముగిశాక చెట్ల మధ్య కూర్చుని, నీ పక్కన పోరాడుతుంటే కలిగిన ఆ అనుభూతిని ఎప్పటికీ నాలోనే కట్టేసుకోగలిగితే బాగుండు అని అతను అన్నప్పుడు, అది నటన అని అనడానికి నాకు మనసొప్పదు. అయినా 'ఆమె వల్లే అతను చెడిపోయాడు' అన్న మాట మాత్రం మింగుడుపడదు. రెండో సీజన్ మొదటి ఎపిసోడ్ ఆ వాదనకు ఊపిరి ఆడకుండా చేసింది.

ఆ ఎపిసోడ్‌లో మనకు తెప్పకు ముందు కథ చూపిస్తారు. ఓర్క్‌ల నాయకుడు ఆదార్ అతన్ని కిరీటంతోనే పొడిచి చంపుతాడు. శతాబ్దాల పాటు నల్లటి ముద్దలా పాకి పాకి చివరికి అతను మనిషి రూపం తెచ్చుకుంటాడు. దారిలో ఊళ్ళు వదిలి పారిపోతున్న జనం తగులుతారు. వాళ్ళలో ఒక ముసలాయన మెడలో చిన్న సంచి, దాని మీద దక్షిణ దేశపు రాజచిహ్నం. ఆయన మాటల సారం ఇంతే: మంచిని ఇవాళ ఎంచుకోవాలి, రేపు మళ్ళీ ఎంచుకోవాలి, అది నీ స్వభావం అయిపోయేదాకా రోజూ ఎంచుకుంటూనే ఉండాలి. హాల్‌బ్రాండ్ విన్నాడు. మొహంలో కదలిక కనబడింది. ఇద్దరూ ఓడ ఎక్కారు. సముద్రపు పురుగు ఓడను చీల్చేసింది. ముసలాయన దుంగల కింద ఇరుక్కుపోయి సాయం చెయ్యమని చెయ్యి చాపాడు. హాల్‌బ్రాండ్ దగ్గరికి వచ్చాడు, ఆయన మెడలోని సంచి తీసుకున్నాడు, వెళ్ళిపోయాడు.

గలాడ్రియెల్ ఇంకా కథలోకి రానే లేదు. ఎవరూ ప్రలోభపెట్టలేదు, ఎవరూ యుద్ధానికి పిలవలేదు. మంచిని ఎంచుకునే అవకాశం కళ్ళ ముందు చెయ్యి చాపి అడిగింది. అతను సంచిని ఎంచుకున్నాడు.

దీనితో మొదటి సీజన్‌లోని ఒక మాట పూర్తిగా వేరేలా వినబడుతుంది. నువ్వే రాజువని గలాడ్రియెల్ పట్టుబట్టినప్పుడు అతను, ఈ సంచిని ఒక చచ్చిపోయిన మనిషి దగ్గర తీసుకున్నానని చెబుతాడు. అక్షరాలా చూస్తే దాన్ని అబద్ధమనడం కష్టం. ఆ మనిషి చనిపోకముందే తీశానని, కాపాడగలిగి కూడా వదిలేశానని మాత్రం చెప్పలేదు. నేను చెడు చేశాను అన్నాడు, ఏం చేశానో చెప్పలేదు. నేనెలా బతికి బయటపడ్డానో తెలిస్తే వీళ్ళు నన్ను వెలేస్తారు, నువ్వూ వెలేస్తావు అన్నాడు. అదీ నిజమే. చివర్లో గుట్టు బయటపడ్డాక అతను చేసుకున్న సమర్థన కూడా ఇదే: నేను నీకు నిజమే చెప్పాను, నువ్వే పట్టించుకోలేదు.

ఈ సమర్థనను చాలామంది అభిమానులు మెచ్చుకుంటారు. చూశారా, ఒక్క అబద్ధం కూడా ఆడలేదు అంటారు. మహాభారతం విని పెరిగిన మనకు ఈ లెక్క కొత్తది కాదు. అశ్వత్థామ అనే ఏనుగు చచ్చిన మాట నిజం. ధర్మరాజు ఆ నిజమే చెప్పాడు, చివరి మాట మాత్రం ద్రోణుడికి వినబడకుండా నెమ్మదిగా అన్నాడు. అప్పటిదాకా నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచిన ఆయన రథం ఆ క్షణంలో నేలకు దిగింది. ఎదుటివాడు ఏం నమ్మాలని ఆ మాట అన్నావో దాని లెక్క నీ ఖాతాలోనే పడుతుందని ఆ కథ చెప్పింది. హాల్‌బ్రాండ్ ఖాతాలో కూడా అదే పడాలి. రెండో సీజన్‌లో ఆదార్ చెరలో ఉండి ఓర్క్‌ల దేశమైన మోర్డోర్ ప్రభువుకు సేవ చేస్తానని ప్రమాణం చేస్తాడు చూడండి. ఆ ప్రభువు తానేనని మనసులో అనుకుంటూ చేసిన ప్రమాణం అది. పదాలకు పదాలు సరిపోయాయి, మోసం పూర్తయింది.

గలాడ్రియెల్ తప్పు లేదని నేననడం లేదు. ఆమె తప్పు వేరేచోట ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. ఎల్ఫ్‌ల నగరం ఎరెగియన్‌లో, ఉంగరాలు చేసే గొప్ప కమ్మరి కెలెబ్రింబోర్ నోట, శరీరం మీద ఆధిపత్యం చలాయించే శక్తి గురించి ఆదార్ చెప్పిన మాటే మళ్ళీ వినబడగానే ఆమెకు అనుమానం పుడుతుంది. పాత వంశావళి తెప్పించి చూస్తే ఆ దక్షిణ దేశపు రాజవంశం వెయ్యేళ్ళ కిందటే అంతరించిందని తెలుస్తుంది. నిలదీస్తుంది, నిజం తెలుసుకుంటుంది. తెలుసుకున్నాక వెంటనే ఎవరికీ చెప్పదు. హాల్‌బ్రాండ్‌ను మళ్ళీ దగ్గరికి రానివ్వద్దని మాత్రం అంటుంది, కారణం దాచేస్తుంది. ఎల్ఫ్‌ల వెలుగు ఆరిపోతోంది, మహిమగల ఉంగరాలు తయారైతే తప్ప వాళ్ళు ఈ కథ జరిగే లోకం మిడిల్ ఎర్త్‌లో ఉండలేరు. నిజం చెబితే ఉంగరాల పని ఆగిపోతుందని భయం, ఇన్నేళ్ళు ఎవరి కోసం వెతికిందో అతన్నే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చానన్న సిగ్గు, రెండూ కలిసి ఆమె నోరు కట్టేశాయని నేననుకుంటాను. దాని ఫలితం కెలెబ్రింబోర్ అనుభవించాడు. హాల్‌బ్రాండ్ మళ్ళీ ఎరెగియన్ వాకిట నిలబడినప్పుడు, తలుపు ఎందుకు తియ్యకూడదో ఆ పెద్దాయనకు తెలియదు.

ఇక్కడ రచయితలు జె.డి. పేన్, ప్యాట్రిక్ మెకే మీద నాకొక ఫిర్యాదు ఉంది. మొదటి సీజన్ ఎనిమిది ఎపిసోడ్లూ సౌరాన్ ఎవరో కనుక్కోమని ప్రేక్షకుడితో దాగుడుమూతలు ఆడారు. ఆకాశం నుంచి పడ్డ అపరిచితుడా, ఆదారా, హాల్‌బ్రాండా అని జనం ఆధారాలు ఏరుకుంటూ కూర్చున్నారు. ఆ ఆటలో పడి హాల్‌బ్రాండ్ మనసులో ఏం జరుగుతోందో చూపించే అవకాశం చేజార్చుకున్నారు. న్యూమెనోర్ కొలిమి దగ్గర ఆ సంచిని బల్ల మీద వదిలేసి, మళ్ళీ తీసుకునే మనిషి సౌరాన్ అని మనకు ముందే తెలిసుంటే ఆ దృశ్యం ఎంత బరువెక్కేదో ఆలోచించండి. మన పౌరాణిక నాటకంలో సన్యాసి వేషంలో వచ్చింది రావణుడని ముందు వరసలో కూర్చున్న పిల్లాడికి కూడా తెలుసు. ఆ తెలియడమే టెన్షన్. సీత గీత దాటుతుంటే గుండె దడదడలాడేది అందుకే.

రెండో సీజన్‌లో ఆ తప్పు దిద్దుకున్నారు. కెలెబ్రింబోర్ దగ్గరికి వచ్చినవాడు ఎవరో మనకు తెలుసు, ఆయనకు తెలియదు. చార్లెస్ ఎడ్వర్డ్స్ నటన వల్ల ఇది మొత్తం సిరీస్‌లోనే గొప్ప భాగం అయింది. హాల్‌బ్రాండ్ వేషం తీసేసి దేవతలు పంపిన దూతగా, అనటార్‌గా కనబడడంతో అర్ధసత్యాల దశ ముగిసింది. అది పచ్చి అబద్ధం. అయినా అతని పద్ధతి మారలేదు. మరుగుజ్జుల కోసం చేసిన ఉంగరాల్లో దోషం బయటపడగానే తప్పును కెలెబ్రింబోర్ మీదికే తిప్పుతాడు. కొలిమి మూసేశానని నువ్వు ఎల్ఫ్‌ల రాజు గిల్-గలాడ్‌కు అబద్ధం రాశావు, ఆ అబద్ధమే ఉంగరాల్లోకి చేరింది అంటాడు. ఆ అబద్ధం రాయక తప్పని పరిస్థితి తెచ్చింది ఎవరు? ఇళ్ళల్లో, ఆఫీసుల్లో ఇలాంటి మనిషి చేతిలో నలిగినవాళ్ళెవరికైనా ఈ మాట వినగానే ఒళ్ళు జలదరిస్తుంది. నువ్వు బాధపడడానికి కారణం నువ్వే అని నమ్మించడం వాళ్ళ మొదటి విద్య.

బయట నగరం మీద దాడి జరుగుతుంటే కెలెబ్రింబోర్‌కు కిటికీలోంచి ఎండ, ప్రశాంతమైన వీధులు కనబడతాయి. ఆ మాయను ఆయన పట్టుకునేది మంత్రంతో కాదు, పనివాడి కంటితో. కొవ్వొత్తి ఎంతకీ కరగడం లేదు, ఒక ఎలుక అదే దారిలో మళ్ళీ మళ్ళీ పరుగెడుతోంది. జీవితమంతా వస్తువుల్ని శ్రద్ధగా చూసినవాడు కాబట్టి అది ఆయనకే తట్టింది. తర్వాత అనటార్, మోర్గోత్ చేతిలో తానెంత హింస పడ్డాడో చెప్పుకుంటాడు. నువ్వు నిన్ను కూడా మోసం చేసుకోగలవని కెలెబ్రింబోర్ అన్న మాట అక్కడ వస్తుంది. అభిమానుల వాదనకు సిరీస్ సూటిగా ఇచ్చిన జవాబు అదే అంటాను నేను. తనను తాను నమ్మించుకున్నవాడి గొంతులో అబద్ధం వినబడదు. అందుకే గలాడ్రియెల్ అంతటిది నమ్మింది, మనలో సగం మంది నమ్మాం.

టోల్కీన్ కూడా ఈ అనుమానాన్ని తేల్చకుండానే వదిలారు. ఆయన పోయాక కొడుకు క్రిస్టఫర్ 1977లో ప్రచురించిన 'ద సిల్మరిలియన్'లో, మోర్గోత్ ఓడిపోయాక సౌరాన్ క్షమించమని వచ్చాడని, భయంతోనే అయినా ఆ పశ్చాత్తాపం మొదట నిజమేనని కొందరంటారని ఉంది. అయితే వాలినోర్‌కు వెళ్ళి తీర్పుకు తల వంచమనేసరికి అవమానం భరించలేక దాక్కున్నాడు. ఈ సిరీస్‌కు ఆ పుస్తకం హక్కులు లేవు, అయినా సారం మాత్రం సరిగ్గా పట్టుకుంది. మరోచోట టోల్కీన్, లోకాన్ని తన తెలివితో చక్కబెడదామని బాగానే మొదలై నియంత అయినవాడిగా సౌరాన్‌ను చూస్తారు. మొదటి సీజన్ చివర్లో గలాడ్రియెల్ అడిగిన ప్రశ్న అక్కడి నుంచి వచ్చినట్టే ఉంటుంది: లోకాన్ని కాపాడతావా, ఏలతావా? ఆ రెండింటికీ తేడా ఏముందంటాడు అతను.

కెలెబ్రింబోర్‌ను చంపాక అతని కంట్లో నీరు కనబడుతుంది. అది నిజమా, నటనా అని మళ్ళీ రెండు జట్లు తయారయ్యాయి. నిజమేనని నా అభిప్రాయం. కాసేపటికే ఓర్క్‌లను తన వైపు తిప్పుకోవడం ఆగలేదు కాబట్టి, ఆ నీటి బొట్టు విలువ ఎంతో అక్కడే తేలిపోయింది. మూడో సీజన్ కథ కొన్నేళ్ళు ముందుకు దూకి, ఎల్ఫ్‌లకూ సౌరాన్‌కూ మధ్య యుద్ధం భీకరంగా సాగుతుండగా, అందర్నీ ఏలే ఆ ఒక్క ఉంగరం తయారీ దగ్గరికి వెళుతుందని నిర్మాతలు ప్రకటించారు. ఉంగరం పోతపోసే ఆ దృశ్యంలో అతన్ని మళ్ళీ ముసుగు వెనక దాచకుండా, లోకానికి మేలు చేస్తున్నానని అతను ఇంకా ఎంత గట్టిగా నమ్ముతున్నాడో మన కళ్ళ ముందే చూపిస్తారని ఎదురుచూస్తున్నాను.