సంఘ ముద్రగారికి ఒక సభ్యుడి విన్నపం

మహారాజశ్రీ సంఘ ముద్రగారికి,

హైదరాబాదులో ఒక పాత సంఘంలో పుట్టి, అక్కడే బాప్తిస్మం పొంది, అక్కడే పెళ్లాడి, ఏదో ఒకనాడు అక్కడి నుంచే నారాయణగూడ సమాధుల తోటకు వెళ్లబోయే ఒక సాధారణ సభ్యుడు వందనాలు చెప్పి వ్రాయునది.

తమరిని నేను దగ్గరగా దర్శించుకున్నది గత నెలలో, ఒక ఆదివారం ఆరాధన ముగిశాక. నున్నగా అరిగిన కర్రపిడి, గుండ్రంగా సంఘం పేరు, నడుమ సిలువ, దాని కింద చివరి అంకె సగం చెరిగిపోయిన స్థాపన సంవత్సరం. సెక్రటరీగారు తమరిని చొక్కా జేబులోంచి తీసి, ఊదారంగు ప్యాడ్ మీద అద్ది, నా కాగితానికి అంగుళం ఎత్తున ఆపి, "చందా పద్నాలుగు నెలలు బాకీ ఉంది అన్నా" అన్నారు. ఆ అంగుళం దూరంలో క్రైస్తవ సంఘ చరిత్ర ఎంత పడుతుందో నాకు ఆ క్షణంలోనే అర్థమయింది.

మా అమ్మాయి పెళ్లి కుదిరింది. అబ్బాయి వాళ్ల సంఘంలో మూడు ఆదివారాలు పెండ్లి ప్రకటన చదవాలంటే, అభ్యంతరం లేదని మా సంఘం ఉత్తరం ఇవ్వాలి. పాస్టరుగారు దయతో ఉత్తరం రాసి సంతకం చేశారు. అటువైపు పాస్టరుగారు దాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, "సంతకం సరే, సీలు ఏది బ్రదర్?" అన్నారు. నలభై ఏళ్లుగా నాకు ప్రభువు బల్ల ఇస్తున్న చేతి రాత కంటే తమరి రబ్బరుకు విలువ ఎక్కువని తెలిసి నేను తమరి వంశచరిత్ర వెతకడం మొదలుపెట్టాను.

తమరిది చిన్న వంశం కాదు. రోమా పోపులు తమ శాసనాలకు సీసపు బిళ్ల వేలాడదీసేవారు; ఒక వైపు పేతురు, పౌలుల తలలు, మరో వైపు పోపు పేరు. ఆ బిళ్లకు లాటినులో ఉన్న బుల్లా అనే పేరే క్రమంగా శాసనానికి కూడా స్థిరపడింది. రాసిన మాట కంటే వేలాడే సీసమే ఘనమని తమరి పెద్దలు అప్పుడే తేల్చేశారన్నమాట. పేతురు తన వల మీద ముద్ర వేసుకున్నట్టు సువార్తల్లో ఎక్కడా లేదు గానీ, ఆయన పేర జాలరి ఉంగరం అనే ముద్ర మాత్రం పోపుల వేలికెక్కింది. అయినా వారి దగ్గర ఒక మంచి పద్ధతి ఉంది: పోపు కన్నుమూయగానే, ఆయన పేర దొంగ శాసనాలు పుట్టకుండా, కార్డినళ్ల ఎదుట ఆ ఉంగరాన్ని పనికిరాకుండా చేస్తారు. మా సంఘంలో సెక్రటరీ పదవీకాలం ముగిసినా తమరికి ఆ గతి పట్టదు. తమరు మాజీ సెక్రటరీగారి బీరువాలో, పట్టుచీరల కింద, కలరా ఉండల వాసన పీలుస్తూ పదిలంగా ఉంటారు.

కాగితమే దొంగదైనా పెత్తనం సాగించడం కూడా తమరి పెద్దలకు తెలిసిన విద్యే. కాన్‌స్టంటైన్ చక్రవర్తి పడమటి రాజ్యాన్ని పోపు సిల్వెస్టరుకు ధారపోశాడని చెప్పే దానపత్రం ఎనిమిదో శతాబ్దంలో పుట్టి, నాలుగో శతాబ్దపుదానిగా వందల ఏళ్లు చలామణీ అయింది. 1440లో లొరెంజో వల్లా అనే పండితుడు దాని లాటినును మాట మాటగా పట్టి చూసి, ఆ చక్రవర్తి కాలంలో లేని మాటతీరు అందులోకి ఎలా వచ్చిందని నిలదీశాడు. నగరంలో ప్లాటు కొన్నవారికి ఇదేమీ వింత కాదు. నిజాం ఇచ్చినట్టు పాత ఉర్దూ కాగితం, టీ నీళ్లలో ముంచిన అంచులు, నిజాం పోయాక పుట్టిన సర్వే నంబరు!

సెక్రటరీగారు "వచ్చే ఆదివారం చూద్దాం" అన్నప్పుడు కూడా నేను చరిత్రనే తలచుకుని ఓర్చుకున్నాను. 1054 జులైలో కార్డినల్ హంబర్ట్ కాన్‌స్టాంటినోపుల్లోని హాగియా సోఫియా గుడి బలిపీఠం మీద తూర్పు సంఘాధిపతి వెలివేత పత్రం పెట్టి వెళ్లేనాటికి, ఆయనను పంపిన పోపు తొమ్మిదవ లియో చనిపోయి మూడు నెలలు కావస్తోంది. దాన్నీ, దానికి జవాబుగా అటునుంచి పడిన వెలివేతనూ రద్దు చేసుకోవడానికి 1965 డిసెంబరు దాకా పట్టింది. 911 ఏళ్ల ముందు ఒక ఆదివారం ఎంత?

చివరికి చందా కట్టాను. రసీదు పుస్తకంలో అంతా ముందే అచ్చయి ఉంది, పేరుకూ తేదీకీ మాత్రం ఖాళీలు. గుటెన్‌బర్గ్ కాలంలో, 1454లోనే, పాపశిక్ష తగ్గింపు పత్రాలను సరిగ్గా ఇలాగే ఖాళీలు వదిలి అచ్చు వేశారు. మేము అలాంటివారం కాము, మేము లూథరు వారసులమని పెద్దలు అంటారు. నిజమే, లూథరు 1520 డిసెంబరు 10న పోపు శాసనాన్ని విట్టెన్‌బర్గులో మంటలో వేశారు. అయితే ఆయనకూ గులాబీలో గుండె, గుండెలో సిలువ ఉన్న ముద్ర ఒకటి ఉంది; దాని అర్థాన్ని వివరిస్తూ 1530లో ఆయనే ఉత్తరం రాశారు.

ఇక తమరికి కోపం తెప్పించే సంగతికి వస్తున్నాను. తమరికి ఒక తోబుట్టువు ఉన్నారు. సంఘంలో రెండు కమిటీలు, ఇద్దరు సెక్రటరీలు, రెండు ముద్రలు, ఒక కోర్టు కేసు. తమరి గుర్తు పడిన కాగితం తీసుకువెళ్తే అటువైపు పాస్టరుగారు "ఇది చెల్లని కమిటీది" అన్నారు. రెండో సెక్రటరీగారి దగ్గరికి వెళ్తే "వాళ్లకు కట్టిన చందా మా లెక్కలోకి రాదు, మళ్లీ కట్టండి" అన్నారు. 1378లో మొదలైన చీలికలో రోములో ఒక పోపు, ఇప్పటి ఫ్రాన్సులోని అవిన్యోన్‌లో ఒక పోపు ఉండి పరస్పరం వెలివేసుకున్నప్పుడు, పెళ్లికూతురి తండ్రులు ఎవరికి కట్టారో చరిత్రకారులు రాయలేదు. తగువు తీర్చడానికి 1409లో పీసాలో సభ చేరి కొత్త పోపును ఎన్నుకుంటే, పాతవారు దిగలేదు, ముగ్గురయ్యారు. 1417లో గాని ఆ గొడవ తీరలేదు. వేర్వేరు ప్రొటెస్టెంటు సంఘాలు దక్షిణ ఇండియా సంఘంగా (సీఎస్ఐ) ఏకం కావడానికి 1919లో మొదలైన మాటలు 1947లో ఫలించాయి. మా సంఘం రెండు కావడానికి ఒక జనరల్ బాడీ మీటింగు, రెండు విరిగిన కుర్చీలు సరిపోయాయి.

మా తాత మెదక్ వైపు ఒక ఊరి చెరువులో మునిగి లేచి క్రైస్తవుడయ్యాడు. పాత రిజిస్టరులో ఆయన పేరు ఒక వరుసలో ఉంది, పక్కన మిషనరీ పొడి అక్షరాలు, ముద్ర లేదు. అది చెల్లదని ఎవరూ అనలేదు. అనకపోగా, క్రైస్తవులకు ఎస్సీ హోదా లేకుండా చేసిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు పుణ్యమా అని ఆ ఒక్క మునక మా కుటుంబాన్ని ఎస్సీ జాబితా దాటించి బీసీ-సిలో పడేసింది. ఊరివాళ్లు పిలిచే కులం పేరు మాత్రం మారలేదు. ప్రభుత్వం ఇంత గట్టిగా నమ్మిన బాప్తిస్మాన్ని, తమరు లేకపోతే సాటి సంఘం నమ్మడం లేదు.

నిన్న సాయంత్రం అబిడ్స్ దగ్గర ఒక సందులో రబ్బరు స్టాంపులు చేసే దుకాణానికి వెళ్లాను. తమరి గుర్తు పడిన కాగితం చూపించగానే యజమాని కళ్లద్దాలు పైకి నెట్టి, "ఈ డిజైను మన కంప్యూటర్లోనే ఉంది సాబ్, మీవాళ్లు ఇప్పటికి రెండు చేయించుకున్నారు. కర్రపిడిదా, దానంతట అదే సిరా పట్టేదా?" అని అడిగాడు. నేనెవరినో అడగలేదు. మూడు వందల యాభై చెప్పి, బేరమాడితే మూడు వందలకు దిగాడు. చెరిగిపోయిన అంకె కూడా సరిచేసి, అరగంటలో చేతికిస్తానన్నాడు.

పెళ్లికి ఇంకా ఇరవై ఆరు రోజులుంది. తమరి జవాబు కోసం శుక్రవారం దాకా చూస్తాను.

ఇట్లు,
తమరి విధేయుడు,
చందా రెండుసార్లు కట్టిన సభ్యుడు