పది శాతం వికృతి: ఎక్కడ, ఎప్పుడు?

మృదులాస్థి మరమ్మతు కోసం కణాలు కలిపి తయారుచేసిన హైడ్రోజెల్‌ను, అంటే నీటితో నిండిన మెత్తటి జెల్‌ను, నొక్కి పరీక్షించిన నివేదికల్లో తరచూ ఒకటే అంకె కనిపిస్తుంది: 10 శాతం వికృతి (నమూనా ఎంత నలిగిందో చెప్పే కొలత). అది యంత్రంలో జెల్‌ను నొక్కే పలక కదిలిన దూరాన్ని నమూనా మందంతో భాగిస్తే వచ్చేది. లోపలి కణాలు అంతే నలిగాయనడానికి అది రుజువు కాదు.

మందంతోనే తేడా మొదలవుతుంది. 2 మిల్లీమీటర్ల మందమున్న జెల్ బిళ్లకు ఒక అంచు 0.1 మిల్లీమీటర్ ఎత్తుగా ఉంటే, మిగతా భాగాన్ని పలక తాకేలోపే ఆ అంచు దాదాపు 5 శాతం నలిగిపోతుంది. మెత్తటి జెల్‌ను పలక ఎప్పుడు తాకిందో బలాన్ని కొలిచే లోడ్ సెల్‌ కూడా సరిగ్గా పట్టలేదు. కాబట్టి కొద్దిపాటి ముందస్తు భారం వేసి, బలం నిలకడకు వచ్చాక ఉన్న మందాన్ని సున్నాగా తీసుకోవాలి. ఆ భారమెంతో నివేదికలో రాయాలి. చాలామంది రాయరు.

తర్వాతి చిక్కు నీటితో. నొక్కగానే భారంలో పెద్ద వాటా మోసేది అదే. పక్కలకు కారిపోవడానికి పట్టే సమయం వ్యాసార్థపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది: 3 మిల్లీమీటర్ల వ్యాసమున్న బిళ్లకు చాలిన విరామం 6 మిల్లీమీటర్ల బిళ్లకు నాలుగు రెట్లు కావాలి. సెకనుకోసారి నొక్కి వదిలే పరీక్షలో జెల్ అంత వేగంగా పైకి లేవలేక పలక దాన్ని విడిచేస్తుంది. ప్రతి ఆవృత్తిలో బలం కాసేపు సున్నా దగ్గరే చదునుగా కనిపిస్తే, యంత్రానికి చెప్పిన 10 శాతం జెల్‌కు అందలేదన్నమాటే.

లోపల ఏం జరుగుతోందో చూడాలంటే జెల్ పోసేటప్పుడే మెరిసే సూక్ష్మపూసలు కలిపి, నొక్కక ముందూ నొక్కాకా కాన్ఫోకల్ మైక్రోస్కోప్‌తో (లోపలి పొరలను ఒక్కొక్కటిగా చూపే సూక్ష్మదర్శినితో) తీసిన చిత్రాలను పోల్చాలి. ఇక్కడ అత్యాశ పనికిరాదు. 20 పిక్సెళ్ల దూరంలో 0.2 పిక్సెల్ పొరపాటు పడితే 1 శాతం దొంగ వికృతి పుట్టినట్టే. అసలు కదపకుండానే రెండు చిత్రాలు తీసి లెక్కకట్టండి. వచ్చిన వికృతి అంతా మీ పద్ధతి దోషమే. ఎక్కడ ఎంత నలిగిందో రంగుల్లో చూపే పటంలో అంతకంటే తక్కువ వికృతిని నమ్మకూడదు.

మొదటి రోజు పటం చివరిదాకా చెల్లదు కూడా. పోషకాలు ముందుగా అందే అంచుల్లో కణాలు ఎక్కువ పదార్థం అల్లుతాయి, అక్కడ జెల్ గట్టిపడుతుంది. వారాలు గడిచాక పలక అదే దూరం కదిలినా నడిబొడ్డు, అంచులు ఒకేలా నలగవు. కణాలకు ఎంత వికృతి మంచిదో తేల్చే ప్రయోగాల్లో పటాన్ని ప్రతి దశలోనూ మళ్లీ తీయాల్సిందే.