నవల పూర్తికాకుండా పట్టా పుచ్చుకోవడం ఎలా?

సృజనాత్మక రచనలో పీజీ చేస్తూనే తొలి నవల రాద్దామనుకునేవారికి పొంచివున్న పెద్ద గండం, నవల పూర్తయిపోవడం. పూర్తయితే ఎవరో ఒకరు చదువుతారు. చదివితే బాగుందో లేదో తేలిపోతుంది. రాస్తూ ఉన్నన్నాళ్లూ మాత్రం అది మహత్తరమైన నవలే. కాబట్టి ఆ గండం నుంచి బయటపడటానికి కోర్సును ఎలా వాడుకోవాలో విద్యార్థులు ముందే తెలుసుకోవడం మంచిది.

కోర్సు నిర్మాణమే ఇందుకు చక్కగా సహకరిస్తుంది. 1936లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో మొదలైన రైటర్స్ వర్క్‌షాప్ పద్ధతి ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తోంది. రాసింది వారం ముందే అందరికీ పంపాలి. క్లాసులో అందరూ దాని గురించి మాట్లాడతారు, రాసినవాళ్లు మాత్రం నోరెత్తకూడదు. ఇప్పుడు లెక్క చూడండి. క్లాసులో 12 మంది, వారానికి రెండు రచనలు, సెమిస్టర్‌కు 14 వారాలు అనుకుందాం. మొత్తం 28 వంతులు. తలా రెండు పోగా మిగిలిన నాలుగూ ఎవరికో జ్వరం వచ్చినప్పుడు సర్దుకోవడానికి. వంతుకు 20 పేజీలు, అంటే దాదాపు 5,000 పదాలు. నాలుగు సెమిస్టర్లకు కలిపి 40,000. నవలకేమో 80,000 కావాలి. ఒక్క పేజీ కూడా మళ్లీ పంపకపోయినా క్లాసు చూసేది సగమే.

ఆ సగమైనా ఎందుకు చూపించాలి? మొదటి అధ్యాయం పంపండి. తర్వాతి వంతుకు దాన్నే ‘సవరించిన ప్రతి’ అని పంపండి.

సవరణ ఎలా సాగుతుందో ఒక్క వాక్యంలో చూద్దాం. నవల ‘ఆమె తలుపు తీసింది’ అని మొదలైంది. మొదటి వంతులో మార్జిన్ల నిండా ‘చెప్పకు, చూపించు’ అని ఉంటుంది. దాంతో తలుపు కిర్రుమంటుంది, తుప్పు వాసన వేస్తుంది, గడియ చేతికి చల్లగా తగులుతుంది. తలుపు తెరుచుకునేసరికి పేజీన్నర అవుతుంది. రెండో వంతులో ‘నడక మందగించింది’ అంటారు. తుప్పు ఎగిరిపోతుంది. మూడో వంతులో ‘ఇది ఎవరి దృష్టికోణం?’ అని నిలదీస్తారు. ఉత్తమ పురుషలోకి మార్చి ‘తలుపు తీశాను’ అంటారు. నాలుగో వంతులో, తలుపు తీసే మనిషి అంత కవితాత్మకంగా ఆలోచించదని తేలుతుంది. మళ్లీ ప్రథమ పురుష. ఐదో వంతుకు కాగితం మీద ‘ఆమె తలుపు తీసింది’ అని ఉంటుంది. ‘ఇప్పుడు కుదిరింది’ అని పదకొండు మందీ తలూపుతారు. అప్పటికి ఏడాది దాటింది. తలుపు తీసే ఉంది.

ఇక్కడొక రహస్యం విద్యార్థి చెవిన పడకుండా చూసుకోవాలి. పదకొండు మందీ ఒకే చోట ఆగిపోయారంటే అక్కడ ఏదో తేడా ఉన్నమాట నిజమే. ఆ తేడాను సరిచేయడానికి వాళ్లు చెప్పే పదకొండు మందులు మాత్రం వాళ్లు రాయాలనుకుంటున్న పదకొండు నవలలవి. ఇది తెలిస్తే విద్యార్థి జబ్బును గుర్తుపెట్టుకుని మందులు అవతల పారేస్తాడు. అలా జరగకూడదు. అన్ని సలహాలనూ ఒకే ఫైల్లో, ఒకే రాత్రి, ఒకదాని మీద ఒకటి అమలు చేయాలి. పాత ఫైలు దాచుకోకూడదు.

సహాధ్యాయుల రచనల మీద అభిప్రాయం చెబుతూ రాసే ఉత్తరాలను తక్కువగా చూడకండి. పదకొండు మంది, తలా రెండు వంతులు, వంతుకు 400 పదాల ఉత్తరం. సెమిస్టర్‌కు 8,800 పదాలు. ఇందుకోసం చదవాల్సింది 1,10,000 పదాలు. ఈ పనంతా పొద్దున్నే, బుర్ర తేటగా ఉన్నప్పుడు పెట్టుకోండి. నవలకు రాత్రి పదకొండు దాటాక కూర్చోండి. పట్టా చేతికొచ్చేసరికి ఇతరుల నవలల గురించి మీరు రాసింది 35,200 పదాలు అవుతుంది. ఎవరూ ప్రచురించరు గానీ, రచన రచనే.

పొరపాటున మొదటి అధ్యాయం దాటేశారే అనుకుందాం. కంగారు పడొద్దు, సిలబస్ ఉంది. మూడో వారం మధ్యమ పురుష కథనం చెప్పారా? మూడో అధ్యాయాన్ని ‘నువ్వు’తో మొదలుపెట్టండి. ఆరో వారం చైతన్య స్రవంతి, అంటే మనసులో మెదిలే ఆలోచనలను మెదిలినట్టే రాసుకుపోవడం. ఆరో అధ్యాయంలో ఫుల్‌స్టాపులు పీకేయండి. ఎనిమిదో వారం ఫ్రైటాగ్ పిరమిడ్ వస్తుంది, కథ పతాక స్థాయికి ఎక్కి దిగే తీరును చూపే బొమ్మ. జర్మన్ రచయిత గుస్తావ్ ఫ్రైటాగ్ దాన్ని 1863లో ఐదంకాల నాటకాల కోసం గీశారు, నవలల కోసం కాదు. అయినా మీ కథను అందులో ఇరికించండి. ఎక్కడ ఇమడకపోతే అక్కడ ఒకర్ని చంపేయండి.

ఇవేవీ పనిచేయకపోయినా నవల మధ్యభాగం మిమ్మల్ని కాపాడుతుంది. పాత్రలన్నీ వచ్చి కూర్చున్నాయి, వాటితో ఏం చేయించాలో తోచదు, మొదట్లో ఉన్న ఊపు లేదు. ఈ చోట వర్క్‌షాప్ నుంచి పెద్దగా సాయం అందదు. ఇరవై పేజీల్లో వాక్యం బిగువు తెలుస్తుంది గానీ, 40వ పేజీలో దాచిన ఉత్తరం 210వ పేజీలో సరైన మనిషి చేతికి చిక్కిందో లేదో తెలియదు.

ఒక రకం విద్యార్థులతో మాత్రం జాగ్రత్త. వీళ్లు క్లాసుకు చిన్న కథలు ఇచ్చి, నవలను ఇంట్లో దాచుకుంటారు. రోజుకు 300 పదాలు, వారానికి ఐదు రోజులు. వినడానికి హాస్యాస్పదంగా ఉంటుంది గానీ 14 వారాలకు 21,000, నాలుగు సెమిస్టర్లకు 84,000. రేపు ఎక్కడ అందుకోవాలో తెలిసేలా వాక్యం సగంలో ఆపి లేస్తారు. ఏ అధ్యాయంలో ఏ పాత్రకు ఏం తెలుసో ఒక కాగితం మీద రాసుకుంటారు. మొదటి అధ్యాయంలో తప్పు గుర్తొస్తే ఫైలు తెరవరు, చీటీ రాసి పెట్టుకుని ముందుకే పోతారు. చిత్తుప్రతి ఆఖరి పేజీ అయ్యాకే చీటీలు విప్పుతారు. ఇలాంటివాళ్ల పక్కన కూర్చోకండి. అమెరికన్ రచయిత్రి ఫ్లానరీ ఓకానర్ 1947లో అయోవాలో కథలనే థీసిస్‌గా ఇచ్చారనీ, ఆమె తొలి నవల 1952లో వచ్చిందనీ, పట్టాకూ నవలకూ ఒకే గడువు ఎందుకనీ వాదనకు దిగుతారు. వెంటనే మాట మార్చండి.

ఇక థీసిస్. చాలా కోర్సుల్లో నవల మొత్తం అడగరు. కొంత భాగం, దానికి తోడుగా మీ రచనా పద్ధతిపై ఒక విమర్శనాత్మక వ్యాసం ఇస్తే చాలు. ఆ వ్యాసంలో నవల ముగింపు అనివార్యతను చర్చించడానికి సందేహించకండి. ముగింపు ఇంకా రాయలేదన్న వివరం ఫుట్‌నోట్‌కు కూడా అవసరం లేదు. మౌఖిక పరీక్షలో ఎవరో పెద్దాయన కళ్లజోడు తుడుచుకుంటూ అడుగుతారు: “తలుపు తీసింది, బాగానే ఉంది. తీసి ఎక్కడికి వెళ్లిందమ్మా?”

“అది రెండో అధ్యాయంలో వస్తుందండీ.”